పతకమా, ఫెలోషిప్పా?

ప్రశ్న: ఎం.ఏ. తెలుగు చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారిది కౌలు వ్యవసాయం. శాఖలో బంగారు పతకం వచ్చే అవకాశం ఉంది. పరిశోధన చేయాలని ఉంది, కానీ డబ్బు? – ఒక విద్యార్థిని

జవాబు: పతకం రావాలనే కోరుకుంటాను తల్లీ. కానీ అది నెలనెలా మెస్సు బిల్లు కట్టదు. పరిశోధన ఫెలోషిప్‌కు దారి చూపే జాతీయ అర్హత పరీక్ష యు.జి.సి. నెట్ ఇప్పుడే రాయండి, చివరి సంవత్సరం వాళ్లూ అర్హులే. అందులో మంచి మార్కులతో జె.ఆర్.ఎఫ్. (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి పెరిగిన లెక్కన మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్.ఆర్.ఎఫ్. (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)గా 42,000. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. మన తెలుగు విద్యార్థులు నెట్‌లో తెలుగు సబ్జెక్టుదైన రెండో పేపర్లో ఛందస్సు, వ్యాకరణం కంఠతా పట్టి, అందరికీ ఉమ్మడిగా బోధన, పరిశోధన సామర్థ్యాన్ని చూసే మొదటి పేపర్లోని 100 మార్కులను వదిలేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. రోజూ గంటసేపు దానికే ఇవ్వండి. తప్పు జవాబుకు మార్కులు కోయరు, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి.