చేప తనంతట తాను వెళ్లేదాకా

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో చూశాను. కొత్త గాలపు కర్ర చేతపట్టుకుని నిలబడ్డ నిన్ను చూస్తే నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నలభై ఏళ్లుగా నీళ్ల ఒడ్డున కూర్చుంటున్నాను. ఇంట్లో ఎవరైనా ఒకరు వచ్చి నా పక్కన కూర్చుంటారేమోనని చాలాకాలం చూశాను, తర్వాత ఆ ఆశ వదిలేశాను. ఇన్నాళ్లకు నువ్వు అడిగావు, పెద్ద చేపను ఎలా పట్టాలి మామయ్యా అని. పట్టడం గురించి చెబుతాను. కానీ ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం పట్టిన చేపను ఎలా వదలాలన్న దాని మీదే ఉంటుంది. విసుక్కోకుండా చదువు.

ఎందుకింత పట్టుదల అంటావా? ఈ ఆట నేను మొదలుపెట్టిన నాటిలా లేదు. ప్రపంచ బ్యాంకు 2012లో వేసిన అంచనా ప్రకారం సరదాగా చేపలు పట్టేవాళ్లు 22 కోట్ల మంది దాకా ఉన్నారు. చేపల వేటే వృత్తిగా బతికేవాళ్ల కన్నా ఇది రెట్టింపుకు పైమాటే. పదేళ్ల పిల్లలూ ఎనభై ఏళ్ల పెద్దలూ ఒకే ఒడ్డున సమానంగా నిలబడగలిగే ఆటలు లోకంలో చాలా తక్కువ. పరుగెత్తే పని లేదు, జట్టు అక్కర్లేదు, మైదానం అక్కర్లేదు. ఫోనులో వీడియోలు చూసి మనసు పడేవాళ్లు రోజురోజుకీ పెరుగుతున్నారు. నువ్వూ అలాగే వచ్చావు, అందులో తప్పేమీ లేదు. ఒక్క మనిషి అజాగ్రత్తగా ఉంటే చెరువు తట్టుకుంటుంది. కోట్ల మంది అలాగే ఉంటే ఏ నీళ్లూ తట్టుకోలేవు.

ఇంతమంది ఉండడం వల్ల మేలు కూడా ఉంది. అమెరికాలో 1950లో ఒక చట్టం తెచ్చారు. గాలపు కర్రలు, దారం చుట్టే రీళ్లు, కృత్రిమ ఎరల మీద వసూలయ్యే పన్ను రాష్ట్రాలకు వెళ్లి, చేపల సంరక్షణకు ఖర్చవుతుంది. అంటే అక్కడ గాలం కొన్న ప్రతివాళ్లూ చేపల బాగుకోసం కొంత ఇచ్చినట్టే. నీళ్ల మీద మనసున్నవాళ్లు ఎక్కువైతే నీళ్లను కాపాడమని అడిగే గొంతులూ ఎక్కువవుతాయి. అందుకే నువ్వు ఈ ఆటలోకి రావాలనే కోరుకుంటున్నాను.

ఇక సామాను సంగతి. నువ్వు కొన్న కర్ర నీకు బరువు. దాన్ని పక్కన పెట్టు, పారేయకు. ఆరు, ఏడు అడుగుల మధ్య పొడవున్న తేలికపాటి కర్ర, చిన్న స్పిన్నింగ్ రీలు, నాలుగు కిలోల బరువు మోయగల నైలాన్ దారం చాలు. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు. కొత్తవాళ్లు డబ్బంతా కర్ర మీద పెట్టి దారం, కొక్కెం దగ్గర పొదుపు చేస్తారు. చేపకూ నీకూ మధ్య ఉండేది ఆ దారమూ ఆ కొక్కెమూనే.

ముడి వేయడం ముందు ఇంట్లో నేర్చుకో. కొక్కెం కన్నులోంచి దారం దూర్చి, ఆ కొసను అసలు దారం చుట్టూ ఐదుసార్లు మెలిపెట్టు. కొక్కెం పక్కనే ఏర్పడిన చిన్న కంతలోంచి కొసను తీసి, దాంతో ఏర్పడిన పెద్ద కంతలోంచి మళ్లీ వెనక్కి తీయి. ఇప్పుడు ఆగు. బిగించే ముందు ముడిని తడపాలి. పొడి నైలాన్‌ను ఒక్కసారిగా లాగితే రాపిడికి వేడెక్కి, ముడి దగ్గరే దారం నీరసిస్తుంది. పైకి ఏమీ కనిపించదు. తడిపి నిదానంగా లాగితే మెలికలు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటూ, చిన్న స్ప్రింగులా దగ్గరగా చేరతాయి. అలా చేరితే ముడి బాగుందన్నమాట. ఒక మెలిక మరొకదాని మీదకెక్కితే కోసేసి మళ్లీ వేయి. రోజుకు పది ముడులు, రెండు వారాలు. ఆ తర్వాత మసక వెలుతురులో కూడా నీ వేళ్లు వాటంతట అవే వేసేస్తాయి.

రీలుకు డ్రాగ్ అని ఒకటి ఉంటుంది. చేప గట్టిగా లాగితే దారాన్ని కాస్త కాస్తగా వదిలే ఏర్పాటు అది. దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్యలో దాన్ని సరిచేసుకోవాలి. నాలుగు కిలోల దారమైతే ఒక కిలో లాగుడుకే రీలు తిరగడం మొదలవ్వాలి. స్ప్రింగు తక్కెడకు దారం కట్టి లాగి చూసుకో. ఇది నాకెవరూ చెప్పలేదు. మొదటి ఏడాది డ్రాగ్‌ను బిగించగలిగినంత బిగించేశాను, వదులైతే చేప పారిపోతుందని. ఒక సాయంత్రం పెద్ద చేప తగిలింది. కర్ర విల్లులా వంగింది, దారం ఈల వేసినట్టు మోగింది, తెగిపోయింది. తెగింది బెండుకు పైన. అంటే కొక్కెం, సీసం గుండు, బెండు మొత్తం చేపతోనే వెళ్లాయి. ఆ ఎర్ర బెండు నీళ్ల మీద తేలుతూ, మునుగుతూ, మళ్లీ తేలుతూ, చీకటి పడి నాకు కనిపించకుండా పోయేదాకా తిరుగుతూనే ఉంది. నేను ఒడ్డున నిలబడి చూడడం తప్ప ఏమీ చేయలేకపోయాను. నలభై ఏళ్లలో పట్టిన చేపలు ఎన్నో మరిచిపోయాను కానీ ఆ బెండును మరిచిపోలేదు.

విసరడం పొడి నేల మీద సాధన చెయ్యి. కొక్కెం తీసేసి చిన్న బరువు కట్టి, ఇరవై అడుగుల దూరంలో బకెట్ పెట్టి అందులో పడేలా విసురు. దూరం విసరాలన్న తపన అందరికీ ఉంటుంది. చేపలు చాలాసార్లు ఒడ్డుకు దగ్గరగానే, నీడలోనో మునిగిన కొమ్మల పక్కనో ఉంటాయి. పారే నీళ్లలో అయితే వడిగా పోయే పాయ, నిదానంగా ఉండే నీరు కలిసే గీత మీద చూపు పెట్టు. చేప నిదానపు నీళ్లలో శ్రమ లేకుండా నిలబడి, వడి నీళ్లు మోసుకొచ్చే తిండి కోసం చూస్తుంటుంది. తెల్లవారుజాము, పొద్దు వాలే వేళ మంచివి. ఒడ్డున మెల్లగా నడువు. చేపకు ఒంటికి ఇరువైపులా పొడవునా ఒక గీత ఉంటుంది, నీళ్లలో కదలికలను దానితో పసిగడుతుంది. నీ అడుగుల అదురు నీకన్నా ముందే దానికి చేరుతుంది.

బెండు వణికిందని వెంటనే గుంజకు. చేప రుచి చూస్తుంటుంది. బెండు పక్కకు జరుగుతూనో, నిలువుగా మునుగుతూనో పోయినప్పుడు కర్ర ఎత్తు. గుండ్రని కొక్కెం, అంటే మొన లోపలికి తిరిగినది, వాడితే అసలు గుంజనే కూడదు. దారాన్ని నిదానంగా చుడితే చాలు, అది జారి నోటి మూలలో పట్టుకుంటుంది. ఎర మింగినా కడుపులో గుచ్చుకోవడం చాలా అరుదు. సహజమైన ఎరతో మొదలుపెడుతున్నావు కాబట్టి నీకు ఇదే చెబుతాను, గుండ్రని కొక్కెమే వాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

నిన్ను ఎవరో ఒకరు అడుగుతారు, ఆట కోసం ఒక ప్రాణిని బాధపెడతావా అని. తేలిగ్గా కొట్టిపారేయకు. ట్రౌట్ చేప తలలో గాయాన్ని పసిగట్టే నాడులు ఉన్నాయని బ్రిటన్ శాస్త్రవేత్తలు 2003లో చూపించారు. జర్మనీలో తినే ఉద్దేశం లేకుండా, వదిలేయడానికే చేపను పట్టడాన్ని జంతు సంరక్షణ చట్టం కింద తప్పుగా చూస్తారు. మరోపక్క చాలా దేశాల్లో వదిలేయడమే మర్యాద. అమెరికాలో రే స్కాట్ అనే ఆయన 1972లో తాను నడిపే చేపల పోటీల్లో చేపలను ప్రాణాలతో తూచి తిరిగి వదలాలని నియమం పెట్టాడు, తర్వాత అది ఆ పోటీలన్నిటికీ అలవాటైంది. నా మాట ఇది. తినాలనుకుంటే కావలసినంత వరకే ఉంచుకో, ఉంచుకున్నదాన్ని ఒడ్డు మీద కొట్టుకోనివ్వకుండా వెంటనే ప్రాణం తియ్యి. వదలాలనుకుంటే, అది బతికేలా వదులు. చచ్చిపోయేలా వదిలి, వదిలేశానని సంతృప్తి పడడం నాకు అన్నిటికన్నా నచ్చనిది.

బతికేలా వదలడం కొక్కెంతోనే మొదలవుతుంది. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. కొనలు సన్నగా ఉన్న ప్లయర్‌తో దాన్ని నొక్కి చదును చేసెయ్. దారం బిగువుగా ఉంచితే చేపలేమీ పారిపోవు. కొక్కెం మాత్రం ఒక్క తిప్పుతో ఊడి వస్తుంది. చేపను ఎక్కువసేపు ఆడించకు. పెనుగులాడేకొద్దీ దాని కండల్లో ఆమ్లం పేరుకుంటుంది, మనకు చాలా దూరం పరుగెత్తాక కాళ్లు పట్టేసినట్టు. వీడియోల్లో అరగంట పోరాటాన్ని గొప్పగా చూపిస్తారు. తగిన దారం కట్టుకున్నవాళ్లకు అంతసేపు పట్టదు.

చేప దగ్గరకు రాగానే చేతులు తడుపుకో. దాని ఒంటి మీది జిగురు మనకు చిరాకు, దానికి కవచం. పొడి చేతితో, పొడి గుడ్డతో, ఇసుకతో ఆ జిగురు పోయిన చోట తర్వాత జబ్బు పడుతుంది. ముడులు లేని రబ్బరు చేతివల వాడు, వలను నీళ్లలోనే ఉంచి కొక్కెం తియ్యి. ఫొటో కావాలంటే ముందే ఫోను సిద్ధం చేసుకుని, రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని పైకెత్తు, పది సెకన్లలో మళ్లీ నీళ్లలో ఉండాలి. నువ్వు కూడా ఊపిరి బిగబట్టు, నీకు ఉక్కిరిబిక్కిరి కాకముందే అది నీళ్లలో ఉండాలి. దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీయకు, మొప్పల్లో వేళ్లు పెట్టకు. కొక్కెం లోతుగా మింగేసి ఉంటే కెలకకు. దారాన్ని వీలైనంత దగ్గరగా కోసి వదులు. అలా వదిలిన వాటిలో చాలా చేపలు బతుకుతాయి, కెలికితే చాలా వరకు చస్తాయి.

చివరికి, తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా నీళ్లలో పట్టుకో. ఒక చెయ్యి పొట్ట కింద మెత్తగా, ఇంకో చెయ్యి తోక మొదట్లో. ముందుకూ వెనక్కూ ఆడించవద్దు, వెనక్కి లాగితే మొప్పల్లోకి నీరు సరిగా పోదు. ఊరికే పట్టుకుని ఉండు. మొదట అది పక్కకు ఒరుగుతుంది. మొప్పలు ఆగి ఆగి తెరుచుకుంటాయి. కొద్దిసేపటికి ఆ కదలిక ఒక లయలో పడుతుంది. పొట్ట కింది రెక్కలు విచ్చుకుంటాయి. ఆ తర్వాత నీ అరచేతిలో తోక ఒక్కసారి బలంగా అదురుతుంది. అప్పుడు కూడా తొయ్యకు. వేళ్లు తెరిచి పెట్టు, తనంతట తాను వెళుతుంది. ఆ తోక దెబ్బ కోసమే నేను ఇన్నేళ్లుగా వెళుతున్నానంటే నమ్ము.

ఎండ మండే రోజుల్లో వెళ్లకు. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, అలసిన చేప తేరుకోలేదు. ట్రౌట్ లాంటి చల్లనీటి చేపల విషయంలో నీరు 20 డిగ్రీలు దాటితే నేను కర్ర విప్పను. బాగా లోతునుంచి పైకి లాగిన చేపకు గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా కిందికి దిగలేదు. నేర్చుకునే రోజుల్లో లోతు నీళ్ల జోలికి పోవద్దు.

పోటీల గురించి అడిగావు. వెళ్లు, చాలా నేర్చుకుంటావు. రికార్డుల లెక్క చూసే అంతర్జాతీయ సంఘం 1939 నుంచీ ఉంది. లార్జ్‌మౌత్ బాస్ అనే చేపకు 1932లో అమెరికాలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల రికార్డు ఉంది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానికన్నా దాదాపు ఒక ఔన్సు ఎక్కువ తూగింది. అయినా రెండు ఔన్సుల తేడా ఉంటేనే కొత్త రికార్డు కాబట్టి ఇద్దరినీ సమానంగా రాశారు. ఆ నిజాయితీ నాకు ఇష్టం. 2022లో అమెరికాలోని ఈరీ సరస్సు పోటీలో ఇద్దరు చేపల కడుపుల్లో సీసం గుండ్లు కుక్కి దొరికిపోయారు, కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లారు. బహుమతి మీద కన్ను పడితే మనిషి అంతవరకూ పోతాడు. నువ్వు మాత్రం మొదటి రెండేళ్లు తక్కెడ కొనకు, డ్రాగ్ చూసుకునేది తప్ప.

అనుమతి కావలసిన చోట అనుమతి తీసుకో. గుడ్లు పెట్టే కాలంలో మూసిన నీళ్ల దగ్గరకు వెళ్లకు. ఒకచోటి ఎర చేపలను ఇంకోచోట వదలకు, పరాయి జాతి ఒకటి చేరితే ఆ నీళ్లలోని జీవాలన్నీ తలకిందులవుతాయి. సీసం గుండ్లకు బదులు టంగ్‌స్టన్‌వో ఉక్కువో వాడు. హంసలు మింగి చచ్చిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే చిన్న సీసం గుండ్లను నిషేధించారు. తెగిన దారం ముక్క ప్రతిదీ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకో. పక్షి కాళ్లకు చుట్టుకున్న నైలాన్‌ను నేను నా చేతులతో విప్పాను, రెండుసార్లు. రెండోసారి ఆలస్యమైంది.

వచ్చే వారం నా దగ్గరకు రా. కర్ర తేనక్కర్లేదు, నా తేలికపాటిది నీకిస్తాను. ప్లయర్, ముడులు వేసిన పది కొక్కేలు తెచ్చుకో. ముందు ముడులు చూస్తాను.

మీ మామయ్య