మాల్దీవ్స్ రిసార్టుల్లో "ఈకో ఫ్రెండ్లీ" నిజమేనా? జనరేటర్ రూమ్ వైపు నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న చదివాను. పెళ్లయ్యాక మాల్దీవ్స్ వెళ్దామనుకుంటున్నారు, ఏ రిసార్ట్ వెబ్‌సైట్ చూసినా పేపర్ స్ట్రాలు, వెదురు టూత్‌బ్రష్‌లు, పర్యావరణం మీద పేరాలు కనిపిస్తున్నాయి, వీటిలో నిజంగా చేసేవాళ్లెవరో ఎలా తెలుస్తుందని అడిగారు.

మాది కాకినాడ. మాల్దీవ్స్ రిసార్టుల్లో కొన్నేళ్లు ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను, అంటే జనరేటర్లు, నీళ్ల ప్లాంటు, ఏసీలు, మురుగునీటి ప్లాంటు మా చేతిలో ఉండేవి. నేను చెప్పేది ఒకటే, స్ట్రాల సంగతి పక్కన పెట్టండి. గెస్టులు ఎప్పుడూ అడుగుపెట్టని వెనక వైపు ఏం జరుగుతోందో అడగండి.

అక్కడ దాదాపు ఒక్కో రిసార్ట్ ఒక్కో దీవి. బయటి నుంచి కరెంటు లైను రాదు, నది లేదు, చెత్త బండి రాదు. డీజిల్ పడవలో వస్తుంది, దాంతో కరెంటు, ఆ కరెంటుతోనే సముద్రపు నీళ్లను దాదాపు 60 బార్ ఒత్తిడితో (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 60 రెట్లు) మెంబ్రేన్ అనే సన్నటి వడపోత పొరలోంచి నెట్టి మంచినీళ్లు చేస్తారు. మంచి ఆర్‌ఓ ప్లాంటైతే వెయ్యి లీటర్లకు 3 నుంచి 4 యూనిట్లు తింటుంది, పాతదైతే ఇంకా ఎక్కువ. ఒక లీటరు డీజిల్‌తో జనరేటర్ ఇచ్చేది కూడా సుమారు మూడున్నర యూనిట్లే. అంటే వెయ్యి లీటర్ల నీళ్లు వాడితే ఒక లీటరు డీజిల్ కాలినట్టు, గాల్లోకి రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెళ్లినట్టు. విల్లాకో సొంత పూల్, అందులో మంచినీళ్లు అన్నప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

అయినా నీళ్ల కంటే పెద్ద ఖర్చు ఏసీ. వాటర్ విల్లాలో, అంటే సముద్రంలో స్తంభాల మీద కట్టిన గదిలో, సముద్రం వైపు తలుపులు బార్లా తీసి, లోపల ఏసీ 18లో పెట్టి, డెక్ మీద కూర్చునేవాళ్లు చాలామంది, డబ్బు కట్టాం కదా అని. నేను పనిచేసిన ఒక చోట తలుపు తీస్తే ఏసీ దానంతటదే ఆగిపోయే సెన్సర్లు పెట్టాం. మొదట్లో ఫిర్యాదులు వచ్చాయి, ఫ్రంట్ ఆఫీసు వాళ్లకు రోజూ టెన్షన్, కానీ రాత్రి పూట లోడ్ ఎంత తగ్గిందంటే ఒక్కోసారి రెండో జనరేటర్ ఆన్ చేయాల్సిన పనే పడేది కాదు. ఇలాంటివాటికి ఫొటో ఉండదు, బ్రోచర్లోకి ఎక్కవు, కానీ నా దృష్టిలో అసలు పని ఇదే.

ఇంకోటి వేడి. ఇంజిన్లో పోసిన డీజిల్‌లో కరెంటుగా మారేది మూడో వంతుకు కాస్త ఎక్కువ, మిగతాదంతా పొగగొట్టంలోనూ రేడియేటర్లోనూ వేడిగా పోతుంది. ఆ వేడిని పట్టుకుని విల్లాలకూ లాండ్రీకీ వేడినీళ్లు ఇచ్చే రిసార్టులున్నాయి, పక్కనే బాయిలర్ కోసం మళ్లీ డీజిల్ కాల్చేవీ ఉన్నాయి. రెండూ వెబ్‌సైట్లో ఒకేలా కనిపిస్తాయి.

సోలార్ ఉందని రాస్తే ఎంత శాతం అని అడగండి, స్టాఫ్ క్వార్టర్స్ మీద నాలుగు ప్యానెళ్లు పెట్టి ఫొటో తీసినా సోలార్ ఉన్నట్టే కదా. చిన్న దీవిలో చోటు దొరకడం, కొబ్బరిచెట్ల నీడ తప్పించుకోవడం నిజంగానే కష్టం, అందుకే రూఫ్ కట్టేటప్పుడే దానికోసం డిజైన్ చేసినవాళ్లంటే నాకు గౌరవం. మాల్దీవ్స్‌లోనే ఉన్న కుడదూ రిసార్టులో మధ్యలో ఉన్న పెద్ద భవనం పైకప్పంతా ప్యానెళ్లే. ఫ్రెంచ్ పాలినీషియాలో బోరా బోరా, టెటియారోవా దీవుల్లోనైతే వందల మీటర్ల లోతు నుంచి చల్లటి సముద్రపు నీళ్లు పైకి తెచ్చి వాటితోనే ఏసీ నడుపుతున్నారు.

చెత్త గురించి కూడా అడగండి. రాజధాని మాలే పక్కన తిలఫుషి అని ఒక దీవి ఉంది, 1990ల మొదట్లో లగూన్‌ని, అంటే పగడపు దిబ్బల లోపల ఉండే లోతు తక్కువ సముద్రాన్ని, చెత్తతో పూడ్చి చేసింది. ఎన్నో ఏళ్లు అక్కడ బహిరంగంగా కాల్చేవారు, ఆ పొగ మాలే దాకా వచ్చేది, 2021లోగానీ ఆపలేదు. రిసార్ట్ నుంచి అక్కడికి బయల్దేరిన పడవలో ఎంత తక్కువ చెత్త ఉంటే అంత మేలు. వంటగది వ్యర్థాలు కంపోస్టు చేసి కూరగాయల మడులకు వేయడం, గాజు సీసాలు పొడి చేసి సిమెంటు ఇటుకల్లో కలపడం, తాగేనీళ్లు అక్కడే గాజు సీసాల్లో నింపుకోవడం, ఇవన్నీ జరిగే పనులే. సొనేవా రిసార్టులు 2008లోనే బయటి బాటిల్ నీళ్లు మానేశాయి. బఫే మాత్రం నాకు ఎప్పుడూ బాధే. రాత్రి పదిన్నరకు మిగిలిపోయినవి డబ్బాల్లోకి వేస్తుంటే చూడలేం, అందులో సగానికి పైగా విమానంలో వచ్చిన సరుకు. తినేటప్పుడు అక్కడి ట్యూనా తినండి, గేలంతో ఒక్కొక్కటీ పట్టే పద్ధతి వాళ్లది, వలలో పడి వేరే జీవాలు చచ్చే గొడవ చాలా తక్కువ.

సముద్రం విషయానికొస్తే, లగూన్‌లో నల్లగా కనిపించేది చాలాసార్లు సముద్రపు గడ్డి. తాబేళ్లు తినేది అదే, ఇసుకను పట్టి ఉంచేదీ అదే. ఫొటోలో నీళ్లు నీలంగా కనపడవని దాన్ని పీకించిన రిసార్టు నాకు తెలుసు, తర్వాత తీరం కోసుకుపోతుంటే ఇసుక పంపు చేయాల్సి వచ్చింది, ఆ బురద వెళ్లి పగడాల మీద పడింది. 2019లో దీనిమీద ప్రచారం జరిగాక గడ్డిని కాపాడతామని చాలా రిసార్టులు ముందుకొచ్చాయి, మీరు చూస్తున్న రిసార్టు వాటిలో ఉందేమో అడగండి. ఇనుప ఫ్రేములకు పగడపు ముక్కలు కట్టి పెంచే కార్యక్రమాలు మంచివే, చేసే మెరైన్ బయాలజిస్టులు ప్రాణం పెట్టి చేస్తారు. కానీ 1998లో, 2016లో, మళ్లీ 2024లో నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి, ఆ వేడికి ఫ్రేము మీద ఉన్నవీ తట్టుకోలేవు. సముద్రం వేడెక్కడానికి కారణం ఇలా కాల్చే ఇంధనమే, అందుకే నేను ముందు డీజిల్ గురించి అడగమంటున్నాను.

బుక్ చేసేముందు ఒక మెయిల్ పెట్టండి. కరెంటులో సోలార్ వాటా ఎంత, తాగేనీళ్ల సీసాలు ఎక్కడ నింపుతారు, తిండి వ్యర్థాలు ఏం చేస్తారు, మురుగునీళ్లు శుద్ధి చేశాక తోటకు వాడతారా. నిజంగా చేస్తున్నవాళ్లు అంకెలతో రాస్తారు, చేయనివాళ్లు మళ్లీ బ్రోచరే పంపుతారు. వెళ్లాక వెనక వైపు చూపిస్తారా అని అడగండి, మాలాంటివాళ్లకు చూపించడమంటే చాలా ఇష్టం. వీలైతే ఎయిర్‌పోర్టుకు దగ్గరలో స్పీడ్‌బోట్ వెళ్లే దీవి చూసుకోండి, దారిలో ఇంధనం తక్కువ కాలుతుంది. స్నార్కెలింగ్‌కి చేతులు పూర్తిగా కప్పే స్విమ్ షర్ట్ వేసుకుంటే పగడాలున్న నీళ్లలో కలిసే సన్‌స్క్రీన్ బాగా తగ్గుతుంది.

బిల్లులో గ్రీన్ ట్యాక్స్ అని మనిషికి రాత్రికి 12 డాలర్లు వేస్తారు, 2025 జనవరికి ముందు 6 ఉండేది. అది ప్రభుత్వానికి వెళ్లేది, రిసార్ట్ మంచిదనడానికి గుర్తు కాదు. స్థానికులు ఉండే దీవుల్లో చిన్న గెస్ట్‌హౌస్‌లకు అది 6 డాలర్లే, సొంత పూల్ లేకపోయినా పర్లేదనుకుంటే అవీ చూడండి. మీరు ఏ నెలలో వెళ్తున్నారో, బడ్జెట్ ఎంతో కామెంట్‌లో రాస్తే ఏ అటోల్ (వలయంలా ఉండే దీవుల గుంపు) వైపు వెతకాలో చెప్తాను.