నల్ల బొమ్మలు చాలు, మనిషిని చూపించు

హనుమకొండ

చెల్లెమ్మా,

ధర్మసాగర్ చెరువు మీద నువ్వు రాసిన వ్యాసం, దానితో పంపిన ఫొటోలు చూశాను. రాత విషయంలో నీకు నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. పేచీ అంతా ఫొటోలతోనే. వల విసురుతున్న మనిషి, వెనక ఎర్రబడిన ఆకాశం, నీటి మీద బంగారు చార. ఏ ఫొటోలో చూసినా మనిషి నల్లటి బొమ్మే. వ్యాసంలో ఆయన వయసు పైబడినవాడు, భుజం నొప్పి వచ్చాక చిన్న వలకు మారినవాడు. ఫొటోలో ఆ భుజం ఏది? ఆ ముఖం ఏది? ఆయన స్థానంలో ఇరవై ఏళ్ల కుర్రవాడిని నిలబెట్టినా ఇదే ఫొటో వచ్చేది. ఇలాంటి వాటికి మెచ్చుకోళ్లు బాగానే వస్తాయి, క్యాలెండర్లకూ పనికొస్తాయి. మనుషుల గురించి రాసేవాళ్లకు మాత్రం పనికిరావు.

సూర్యుడికి ఎదురుగా నిలబడితే కెమెరా ఆకాశం వెలుగును లెక్కలోకి తీసుకుని మిగతాదంతా చీకటి చేస్తుంది. నువ్వు సెట్టింగులు మార్చి చూశానని రాశావు. ముందు మార్చాల్సింది నువ్వు నిలబడ్డ చోటు. చెరువు కట్ట పొడవుగా ఉంటుంది కదా, సూర్యుడు నీ పక్కకు వచ్చేదాకా దాని మీద నడువు. పక్క నుంచి పడే వెలుగులో ముఖం మీది ముడతలు, మోచేతి నరాలు, తడిసిన బనియను అన్నీ కనిపిస్తాయి.

విసురు వల సంగతి వేరు. అది సన్నటి నైలాను దారంతో అల్లింది. సూర్యుడు నీ వీపు వెనక ఉంటే వల దాదాపు కనిపించదు, గాలిలో చేతులు చాపిన మనిషి ఒక్కడే మిగులుతాడు. వలకు కాస్త వెనక నుంచి, ఒక పక్కగా వెలుగు పడాలి. వల వెనక ఆకాశం కాకుండా ముదురు రంగేదైనా ఉండాలి. అప్పుడు వలలోని ప్రతి కన్నూ మెరుస్తుంది, దాని నుంచి రాలే నీటి బొట్లు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు ఇందుకు అనువైనవి. చుట్టూ గుట్టలు, అడవి ఉండటంతో ఉదయం చాలాసేపు అవతలి ఒడ్డు ముదురు ఆకుపచ్చగానో నీలంగానో నిలుస్తుంది. (వాటిని 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో తవ్వించిన చరిత్రకు నీ వ్యాసంలో రెండు వాక్యాలు చాలు. అందరూ రెండు పేజీలు రాస్తున్నారు.) వల గాలిలో పూర్తిగా విచ్చుకుని ఉండేది క్షణం కన్నా తక్కువసేపు. షట్టర్ తెరుచుకుని ఉండే సమయం సెకనులో వెయ్యో వంతు, వీలైతే ఇంకా తక్కువ పెట్టుకో. ఆయన నడుము తిప్పడం మొదలుపెట్టగానే వరసగా నొక్కుతూ పో.

అయితే నాకు అసలైన ఫొటో అంతకు ముందుదే. వల అంచును పళ్లతో పట్టుకుని, సగం భుజం మీద వేసుకుని, నీటి వైపు చూస్తూ ఆగే ఘడియ ఉంటుంది. బుడగ ఎక్కడ లేస్తోంది, అల ఎటు చీలుతోంది అని వెతికే చూపు అది. ఆ పనితనమంతా కళ్లలోనే ఉంటుంది. వెలుగు ఆ కళ్ల మీద పడే వైపు నిలబడు. నీ కోసం ఖాళీగా ఒకసారి వల విసరమని మాత్రం ఎవరినీ అడగకు. తడిసిన వల, దానికి సీసపు గుండ్లు, చాలా బరువు. పైగా అడిగి విసిరించినప్పుడు ఆయన చూపు నీటి మీద ఉండదు, నీ మీద ఉంటుంది. ఫొటో చూసిన ఏ చేపలు పట్టేవాడైనా ఆ తేడా ఇట్టే పట్టేస్తాడు.

ఇక వేళల సంగతి. ఉదయం సాయంత్రం మెత్తటి వెలుగు ఉంటుందని అందరూ చెబుతారు, నిజమే. మన దగ్గర డిసెంబరు చివర సూర్యోదయం సుమారు 6:40కి, జూన్ మొదట్లో 5:35 ప్రాంతంలో. చలికాలంలో తొమ్మిది దాకా వెలుగు చల్లగానే ఉంటుంది, ఎండాకాలంలో ఏడున్నరకే కళ్లు చికిలించాలి. సాయంత్రం కట్టిన వలలను తెల్లవారుజామున తీస్తారు కాబట్టి ఆ వేళకు వెళితే పనీ వెలుగూ రెండూ దొరుకుతాయి.

చిక్కంతా ఈ మే నెలతోనే. నీళ్లు తగ్గిన చెరువుల్లో మత్స్యకారుల సంఘం వాళ్లంతా కలిసి పెద్ద వల లాగేది ఇప్పుడే. మృగశిర కార్తె దగ్గర పడుతోంది, ఆ రోజు చేప తినని ఇల్లు మన వైపు అరుదు. పని ఎక్కువ, వెలుగు కఠినం. వరంగల్ దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు: మే రెండో వారంలో ఒకసారి, జూలై చివర మరోసారి. రెండోసారి సాధారణంగా మబ్బులుంటాయి, మొదటిసారి ఉండవు. తలగుడ్డ నీడలో కళ్లు రెండు గుంటల్లా కనిపిస్తాయి. అంత మాత్రాన ఇంటికి పోకు. నీటి అంచున మోకాళ్ల మీద కూర్చో. నీటి నుంచి, ఎండిన తెల్లటి చెరువు నేల నుంచి తిరిగి లేచే వెలుగు కింది నుంచి ముఖాన్ని తేటపరుస్తుంది. వంగి వల లాగేవాళ్ల ముఖాలకు అది బాగా అందుతుంది. తర్వాత కాంటా దగ్గరికి వెళ్లు. తూకం ఎప్పుడూ చెట్టు నీడలోనో టార్పాలిన్ కిందనో జరుగుతుంది. బేరమాడే ఆడవాళ్లు, చిల్లర లెక్కపెట్టే చేతులు, ట్రాలీ ఆటోలోకి ఎక్కే ట్రేలు, అన్నీ ఆ నీడలో చక్కగా వస్తాయి. వెనక ఎండ పడ్డ నేల ఫ్రేములోకి రాకుండా చూసుకుంటే చాలు.

చేపలను తీసేటప్పుడు ఒక జాగ్రత్త. బొచ్చె పొలుసులు అద్దంలా వెలుగును వెనక్కి కొడతాయి, కొరమేను నల్లగా దాన్ని మింగేస్తుంది. రెండూ ఒకే బుట్టలో ఉంటే తెల్లది పాలిపోకుండా చూసుకో, నల్లదాన్ని తర్వాత కంప్యూటర్లో కొంచెం తేల్చవచ్చు. ఫోనుతో తీస్తే తెర మీద మెరిసే చేప దగ్గర వేలు పెట్టి వెలుగును కిందికి జరుపు. ఒడ్డున పడ్డాక చేప రంగు త్వరగా మారిపోతుంది, బుట్టలో పడ్డ వెంటనే తియ్యి. నిజానికి చేప రంగులు ఉన్నవున్నట్టు కావాలంటే వానాకాలం దాకా ఆగాలి. మబ్బు పట్టిన ఆకాశం తెల్లటి పంచె పరిచినట్టు వెలుగును వడగట్టి ఇస్తుంది.

పోలరైజర్ ఫిల్టర్ కొనాలా అని అడిగావు. నీటిలోపలి వలను చూపించాలంటే కొనుక్కో, నీటి మీది తళుకు తగ్గుతుంది. కానీ సగానికి పైగా వెలుగును తినేస్తుంది, వల విసిరే వేళ తీసి జేబులో పెట్టుకో. ఫోనుకైతే పోలరైజ్డ్ కళ్లద్దాలను లెన్సు ముందు పెట్టి తిప్పి చూడు, ఖర్చు లేకుండా సంగతి అర్థమవుతుంది.

వరంగల్‌లో పుట్టిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ ఫొటోలు దొరికితే చూడు. 2022లో కన్నుమూశారు. తెలంగాణ పల్లె బతుకును తీసిన ఆ ఫొటోల్లో మనుషులు ఎండలో ఎలా నిలబడ్డారో, నీడ ముఖంలో ఎంతవరకు వచ్చి ఆగిందో గమనించు.

ఈసారి పంపేటప్పుడు ప్రతి ఫొటో కింద ఏ చెరువు, ఏ వేళ, ఏ వల, ఏ చేప అనేది రాయి. ‘మత్స్యకారుడు’ అని వదిలెయ్యకు. ఆయనను అడిగి, ఒప్పుకుంటే పేరు రాయి. జూలైలో వానలు బాగా పడి రామప్ప చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఫోను చేస్తాను, ఇద్దరం వెళదాం. పట్టున్న చెప్పులు వేసుకో, అక్కడ రాళ్లకు పాచి ఎక్కువ.

నీ అన్నయ్య