డిస్క్ డిటైనర్ తాళానికి మామూలు పిక్ ఎందుకు పనిచేయదు?

మామూలు పిక్, అంటే తాళంచెవి లేకుండా తాళం తెరిచే సన్నని పనిముట్టు, మామూలు తాళం లోపలి పిన్నులను పైకి నెట్టడానికి తయారైంది. డిస్క్ డిటైనర్ తాళంలో నెట్టడానికి పిన్నులే లేవు, స్ప్రింగులూ లేవు. 1907లో ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ రూపొందించిన ఈ తాళంలో గుండ్రటి బిళ్లలు వరుసగా ఉంటాయి. ప్రతి బిళ్ల అంచుకూ ఒక గాడి ఉంటుంది. తాళంచెవి ఒక్కో బిళ్లను ఒక్కో కోణంలో తిప్పుతుంది. గాడులన్నీ ఒకే వరుసలోకి వచ్చాక పక్కనున్న కడ్డీ వాటిలోకి దిగుతుంది, తాళం తిరుగుతుంది.

అందుకే దీన్ని తెరిచే పరికరం రెండు పనులు ఒకేసారి చేయాలి. ఒక భాగం ఒక బిళ్లను పట్టుకుని, కడ్డీ మీద ఒత్తిడి నిలుపుతుంది. ఆ భాగం లోపలి నుంచి వెళ్లే సన్నని ఊచ ముందుకూ వెనక్కూ జరుగుతూ మిగతా బిళ్లలను విడివిడిగా తిప్పుతుంది. ఒత్తిడి ఏ బిళ్ల మీద పెట్టాలన్నది తాళాన్ని బట్టి మారుతుంది: కొన్నింటిలో ముందుది, కొన్నింటిలో చివరిది. కాబట్టి అన్నింటికీ ఒకే పరికరం చాలదు.

పరికరం చేతికి వచ్చినా అసలు తలనొప్పి దొంగ గాడులు. లోతు తక్కువగా ఉండే ఇవి కడ్డీ అంచుకు తగిలి, బిళ్ల సరైన చోటికి వచ్చేసిందని భ్రమ పెడతాయి. అభ్యాసం మీ సొంత తాళం మీదే చేయండి, అదీ వాడకంలో లేనిదైతే మేలు.