ఐరన్ మాత్రలు మింగినా నీరసం తగ్గడం లేదు

ప్రశ్న: నా వయసు 42. శాకాహారిని. ఏడాదిగా ఒకటే నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు. పచ్చడి తగిలితే నాలుక భగ్గుమంటుంది. హిమోగ్లోబిన్ 8.6, బిలిరుబిన్ 2.1. ఒకరు కామెర్లంటే పసరు తాగాను. ఇంకొకరు టెన్షన్ అన్నారు. ఆరు నెలలుగా ఐరన్ మాత్రలు వాడుతున్నాను. అసలు నాకేమైంది డాక్టరుగారూ?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు పంపిన రిపోర్టులో ఎవరూ పట్టించుకోని అంకె ఒకటుందమ్మా, ఎంసీవీ 114. అంటే ఎర్ర రక్తకణాల సైజు. మామూలుగా 80–100 మధ్య ఉండాలి. ఐరన్ తగ్గితే కణాలు చిన్నవవుతాయి, మీకేమో పెద్దవయ్యాయి. తిమ్మిర్లు, నాలుక మంట కూడా ఉన్నాయి కాబట్టి నా అనుమానం విటమిన్ బి12 లోపం మీదే. అందులో కణాలు తయారయ్యే చోటే చితికిపోయి, వాటి నుంచి వచ్చే పసుపు పదార్థం బిలిరుబిన్ కాస్త పెరుగుతుంది. దాన్ని చూసే కామెర్లనుకుని ఉంటారు. పసరు మాత్రం ఇక వద్దు.

బి12, ఫోలేట్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. రక్తం ఇచ్చేదాకా బి12 ఇంజెక్షన్ వేయించుకోవద్దు, అంకె మారిపోతుంది. మీ ఐరన్ మాత్రల అట్ట ఓసారి తిప్పి చూడండి. చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్ మాత్ర రూపం) కలిసే ఉంటుంది. బి12 లోపం ఉండగా అదొక్కటే వాడితే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది గానీ నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ గానీ, రోజూ గ్యాస్ మాత్ర గానీ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, వాటివల్లా బి12 తగ్గొచ్చు. చీకట్లో నడుస్తుంటే తూలుతోందా? అయితే ఈ వారమే వెళ్లండి.