కష్టకాలం తర్వాత పెంపుడు జంతువు నిజంగా తోడవుతుందా?

ఈ ఏడాది ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్నానని, ఒంటరిగా ఉంటున్నానని, స్నేహితుల ఫోన్లు కూడా ఎత్తబుద్ధి కావడం లేదని మీరు రాశారు. కుక్కనో పిల్లినో తెచ్చుకుంటే మనసు కుదుటపడుతుందా అని అడిగారు. నా విషయంలో కుదుటపడింది. అయితే అది నేననుకున్న దారిలో జరగలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మా నాన్న పోయారు. ఐదు నెలలు తిరక్కుండానే ఉద్యోగం పోయింది. ముందు నిద్ర దూరమైంది, తర్వాత మనుషులు. వాళ్ళు నన్ను వదిలెయ్యలేదు లెండి, నేనే తప్పించుకు తిరిగాను. ‘ఎలా ఉన్నావ్?’ అని ఎవరైనా అడుగుతారేమోనని ఫోను బోర్లా పెట్టేసేదాన్ని. బాగున్నానంటే అబద్ధం. బాగాలేనంటే పాపం అవతలివాళ్ళకి టెన్షన్.

అలాంటి రోజుల్లో నా చిన్ననాటి స్నేహితురాలు ఫోను చెయ్యకుండా నేరుగా వచ్చి తలుపు తట్టింది. చేతిలో బుట్ట, బుట్టలో పిల్లి.

‘మూడు వారాలు ఊళ్ళో ఉండనే, దీన్ని చూసుకో’ అంది.

‘నన్ను నేనే చూసుకోలేకపోతున్నాను’ అన్నాను.

‘నిన్నెవరు చూసుకోమన్నారు? పిల్లిని చూసుకో’ అంది. తిండి ఎన్నింటికి పెట్టాలో, లిట్టర్ ట్రే (అది మలమూత్రాలకి వెళ్ళే ఇసుక తట్ట) ఎప్పుడు శుభ్రం చెయ్యాలో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళిపోయింది.

పిల్లి ఒళ్ళో పడుకుని గురగురలాడుతుందని, నేను దాని వీపు నిమురుతూ తేరుకుంటానని ఊహించుకున్నాను. అది బుట్టలోంచి దిగి సూటిగా మంచం కిందికి పోయింది. నాలుగు రోజులు పగటిపూట బయటికి రాలేదు. ఇంట్లో నాలాంటిదే ఇంకొకటి చేరిందనిపించింది. రాత్రి రెండు దాటాక మాత్రం వంటింట్లో గిన్నె కదిలిన చప్పుడు. తింటోంది, ఫరవాలేదు. ఎలాగూ నిద్రపట్టేది కాదు గనుక ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకునేదాన్ని. అది వినపడ్డాక నాకూ కన్నంటుకునేది.

ఐదో రోజు స్నేహితురాలికి ఫోను చేసి, నీ పిల్లికి నేను నచ్చలేదన్నాను. ‘దాని కళ్ళలోకి గుచ్చి చూడకు. నెమ్మదిగా కళ్ళు సగం మూసి, మళ్ళీ తెరువు’ అంది. ఆటపట్టిస్తోందనుకున్నాను. నిజంగానే దీని మీద ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు పరిశోధన చేశారట, 2020లో అచ్చయింది. మనిషి అలా నెమ్మదిగా కళ్ళు మూసి తెరిస్తే పిల్లులు కూడా అలాగే బదులిస్తాయని, కొత్తవాళ్ళు చాచిన చెయ్యి దగ్గరికి రావడానికి కూడా ఎక్కువ ఇష్టపడతాయని తేల్చారు. ఇదంతా నేను తర్వాత చదివాను. ఆ రోజు మాత్రం నేల మీద బోర్లా పడుకుని, చెంప చల్లటి టైలుకి ఆనించి, మంచం కింద దుమ్ము ఉండల మధ్యలోంచి ఒక పిల్లికి కళ్ళు మూసి తెరిచి చూపిస్తున్నాను. ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో. ఏడోసారో ఎనిమిదోసారో దాని రెప్పలు కూడా బరువుగా దిగి, మళ్ళీ లేచాయి. నాన్న పోయాక నేను నవ్వింది అదే మొదటిసారి.

రెండో వారం అది తిండి మానేసింది. ఒకరోజు దాటి ఏమీ తినకపోతే ఆలస్యం చెయ్యొద్దని కాగితం మీద ఎర్ర సిరాతో రాసి ఉంది. పిల్లులు రోజుల తరబడి తినకపోతే వాటి కాలేయం దెబ్బతింటుంది. అంతకుముందు వారం రోజులు గడప దాటనిదాన్ని, స్నానం చేసి, తల దువ్వుకుని, పశువుల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. పన్ను పాడైందని, దాన్ని పీకాలని చెప్పారు. పీకాక ఐదు రోజులకి మాత్రలిచ్చారు.

మాత్ర వేసే వేళకి రోజూ స్నేహితురాలితో వీడియో కాల్. నేను పిల్లిని తువ్వాలులో చుట్టి పట్టుకుంటే, అటునుంచి తను ‘దవడ మూల నుంచి వెయ్యి, నాలుక వెనక్కి పోవాలి’ అని చెప్పేది. మూడో రోజు మాత్ర మింగినట్టే నటించి, నేను చెయ్యి తియ్యగానే బుగ్గలోంచి నేల మీద ఉమ్మేసింది. ‘నాన్న కూడా అచ్చం ఇంతే’ అన్నాను. చివరి నెలల్లో ఆయన మాత్ర బుగ్గన దాచుకుని, నేను అటు తిరగ్గానే దిండు కింద పెట్టేవారు. పోయాక దుప్పట్లు ఉతుకుతుంటే పదకొండు మాత్రలు దొరికాయి. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పిల్లి తువ్వాలులోంచి ఎప్పుడో జారుకుంది. నేను ఏడుస్తూ కూర్చున్నాను, తను కాల్ కట్ చెయ్యలేదు, సర్దుకొమ్మనీ అనలేదు.

అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వ నిపుణుడుండేవారు. ఎవరితోనూ కలవని ఒక పిల్లాడు ఆయన కుక్క జింగిల్స్‌తో ఆడుకోవడం మొదలుపెట్టి, ఆ ఆటలోంచే మెల్లగా ఆయనకీ దగ్గరయ్యాడట. దాని మీద ఆయన 1962లో ఒక వ్యాసం రాశారు. అది చదివినప్పుడు నాకు మా తువ్వాలే గుర్తొచ్చింది.

ఇక మీ సంగతి. వెంటనే వెళ్ళి ఒక పిల్లిపిల్లనో కుక్కకూననో తెచ్చేసుకోకండి. పిల్లి పదిహేనేళ్ళు, కుక్క పది పన్నెండేళ్ళు బతుకుతాయి. మీ దుఃఖం తగ్గాక కూడా వాటికి తిండి, టీకాలు, డాక్టరు ఖర్చు ఉంటాయి. ముందు తెలిసినవాళ్ళ జంతువునో, వదిలేసినవాటిని సాకేవాళ్ళ దగ్గర ఒకదాన్నో కొన్ని వారాలు చూసుకుని చూడండి. కుదిరితే పెద్ద వయసుది. కూనలు ముద్దుగానే ఉంటాయి కానీ నిద్రపోనివ్వవు, మీకిప్పుడు నిద్ర ముఖ్యం. పిల్లి అయితే లిల్లీ పూలు ఇంట్లో ఉంచకండి, పారాసిటమాల్ దానికి అందకుండా చూడండి. రెండూ దానికి విషం. ఇంకో మాట. మంచం మీంచి లేవలేని స్థితి వారాల తరబడి సాగుతున్నా, బతకాలనిపించకపోయినా, ముందు డాక్టర్‌ని కలవండి. నేనూ కలిశాను, ఆర్నెల్లు ఆలస్యంగా. ఆ పని పిల్లి వల్ల కాదు.

స్నేహితులకి ఏమని ఫోను చెయ్యాలో తెలియడం లేదన్నారు కదా. ఫోను చెయ్యకండి. నేను ఏడెనిమిది నెలలుగా పలకరించని ఇంకో స్నేహితుడున్నాడు. అతనికి ఒక రాత్రి మంచం కింద చీకట్లో మెరుస్తున్న రెండు కళ్ళ ఫొటో పంపాను. కింద ఒక్క ముక్క రాయలేదు. నిమిషంలో జవాబొచ్చింది, ‘ఎవరిది? పేరేంటి?’ అని.