గంట నడక, ఐదు గంటల నిద్ర: బరువు ఎందుకు తగ్గడం లేదు?

రోజూ గంట నడుస్తున్నారు, రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నారు, నిద్ర ఐదు గంటలు, రెండు నెలల్లో అరకిలో కూడా తగ్గలేదు. నడక ఇంకో అరగంట పెంచాలా అని మీ ప్రశ్న. నన్నడిగితే వద్దు, ఆ అరగంట కూడా పడుకోండి అంటాను.

నాకు 41 ఏళ్లు. హబ్సిగూడలో ఇల్లు, మాదాపూర్‌లో ఆఫీసు, అమెరికా షిఫ్టు. సాయంత్రం ఆరున్నరకు మొదలై తెల్లవారుజామున మూడున్నరకు అయ్యేది. క్యాబ్ ఇంటికి చేర్చేసరికి నాలుగుంబావు దాటేది. రెండేళ్ల కిందట హెల్త్ చెకప్‌లో బరువు 86 కిలోలు, నడుము 104 సెంటీమీటర్లు అన్నారు. మన మగవాళ్లకు నడుము 90 దాటకూడదట. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగరు, 6.1. అది 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గడపలో నిలబడ్డట్టే. మా నాన్నకు షుగరు వల్ల కాలి వేలు తీసేశారు. ఆ కాగితం చూశాక నాకు చెమటలు పట్టాయి.

మర్నాటి నుంచే నడక. ఎలాగూ మేలుకునే ఉన్నాను కదా అని, ఇంటికొచ్చి షూ వేసుకుని ఐదింటికల్లా ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌కి పోయేవాణ్ణి. ఆర్ట్స్ కాలేజీ ముందు అప్పటికే జనం. గంట నడిచి, స్నానం చేసి ఏడింటికి పడుకుంటే పదకొండుకు కుక్కర్ కూతకో కాలింగ్ బెల్లుకో మెలకువ. మూడు నెలలు ఒక్కరోజు మానలేదు. 86 కాస్తా 87 అయింది.

మా అమ్మది సూర్యాపేట దగ్గర పల్లె. "రాత్రంత తింటవు, పొద్దుగాల ఉరుకుతవు. ఎప్పుడు పంటవు బిడ్డా?" అందొకరోజు. నవ్వేశాను గానీ "రాత్రంత తింటవు" అన్నది గుచ్చుకుంది. ఒక వారం నోట్లోకి పోయిందల్లా ఫోన్‌లో రాశాను. ఇంట్లో తిండి పద్ధతిగానే ఉంది. అర్ధరాత్రి దాటాక చూడాలి నా సంబడం! రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు, క్యాంటీన్ సమోసా, క్యాబ్ ఎక్కేముందు బండి మీద వెన్న దోశ. నా అంత బరువున్నవాడు గంట మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది 250, 300 క్యాలరీలు. సమోసాకీ ఒక చాయ్‌కీ అది చెల్లు. మిగతాదంతా పొట్టకి జమ.

నాకు నాలుక మీద అదుపు లేదనుకున్నాను మొదట. కానీ ఆ వేళకి నిజంగానే కడుపు మండేది. తర్వాత చదివితే తెలిసింది. 2004లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 12 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి రక్తం పరీక్షించారు. రెండు రాత్రులు పదేసి గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే, ఇక చాలని మెదడుకు చెప్పే లెప్టిన్ 18 శాతం తక్కువ, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం ఎక్కువ. వాళ్ల మనసు పోయింది కూడా తీపి, ఉప్పు, పిండి వంటల మీదికే. ఎవరూ పెసరమొలకలు అడగలేదన్నమాట.

నన్ను ఎక్కువ కదిలించింది అక్కడే చేసిన మరో పరిశీలన, 2010లో వచ్చింది. బరువెక్కువున్న పదిమందికి రెండు వారాలు ఒకేలా కొలిచిన తిండి. ఒక విడత రాత్రికి ఎనిమిదిన్నర గంటలు పడక, ఇంకో విడత ఐదున్నర. రెండు విడతల్లోనూ సుమారు మూడు కిలోలు తగ్గారు. కాకపోతే బాగా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర తగ్గించినప్పుడు 0.6 మాత్రమే. మిగతాది కండలాంటిది పోయింది. పదిమందే కాబట్టి ఇదే వేదం అనను, కానీ నా అద్దంలో కనిపించింది అదే: చేతులు సన్నబడ్డాయి, పొట్ట కదల్లేదు.

ముందు కిటికీలకు మందం పరదాలు వేశాం. బెల్లు స్విచ్ ఆపేశాం, ఫోన్ హాల్లో. ఇంటికి రాగానే పడక, నడక సాయంత్రం షిఫ్టుకి ముందు. ఆరు, ఆరున్నర గంటలు పట్టింది నిద్ర. మొదటి నెల తగ్గింది ఒక్క కిలోనే. అయితే సమోసా దానంతటదే మానేసింది నన్ను. నాలుగు నెలలు బతిమాలితే మధ్యాహ్నం షిఫ్టు ఇచ్చారు, అక్కణ్ణుంచి దారి తేలికైంది.

తిండి సంగతికొస్తే, జాతీయ పోషకాహార సంస్థ మా తార్నాకలోనే ఉంది. ఆ గేటు ముందు నుంచి వేలసార్లు పోయినా వాళ్లేం చెబుతున్నారో చూడలేదు. 2024లో వాళ్లిచ్చిన కొలత, రోజుకి 2000 క్యాలరీలకు: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, నూనె 27. ఇంట్లో తూచి చూస్తే నా వంతు బియ్యమే 350 దాటింది, పప్పు 30 కూడా లేదు. రసాన్ని పప్పు కింద లెక్కేసుకుంటాం మనం! ముద్దపప్పు, గుడ్లు, పెసరట్టు పెంచాను, అన్నం సగం చేశాను. జొన్నరొట్టె తింటే సన్నబడతారనేదాన్ని నేను సగమే నమ్ముతాను. నూరు గ్రాముల లెక్కన జొన్నలకీ బియ్యానికీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు. రెండు రొట్టెలకి కడుపు నిండుతుంది, అన్నం మూడోసారి కూడా వడ్డించుకుంటాం, అంతే. మీ రాత్రి చపాతీ కూడా ఈ బాపతే, ఎన్ని తింటున్నారో రాయలేదు.

నడక మానొద్దు, నా షుగరు దిగింది దానివల్ల కూడా. భోజనం చేశాక పావుగంట డాబా మీద తిరిగితే గ్లూకోమీటర్‌లో తేడా అదేరోజు కనిపించేది. వారంలో రెండుసార్లు గుంజీళ్లు, దండీలు తీస్తున్నాను, కండ పోకుండా.

మీకు గురక ఉందా? పగలు కునుకు ముంచుకొస్తోందా? ఉంటే డాక్టరుకి చెప్పి స్లీప్ టెస్ట్ గురించి అడగండి, థైరాయిడ్ కూడా చూపించుకోండి. ఊపిరి ఆగి ఆగి పడుకుంటే ఎనిమిది గంటలైనా నిద్ర పట్టినట్టు కాదు.

ఎనిమిది నెలల్లో నేను 78కి వచ్చాను, హెచ్‌బీఏ1సీ 5.7. తర్వాత అక్కడే ఆగింది. పోయిన నెల ఆఫీసులో ఏదో ముఖ్యమైన పని ఉందని రెండు వారాలు మళ్లీ రాత్రి షిఫ్టు వేశారు. మూడో రోజుకే దోశ బండి దగ్గర నిలబడి ఉన్నాను. "శాన దినాలైంది సార్, వెన్న జర ఎక్కువెయ్యాల్నా?" అన్నాడు. వెయ్యమన్నాను.